పదో ఆట

విశాఖపట్నం నుంచి వచ్చేడో కుర్రోడు,
కళ్లద్దాలూ, రెండు రంగుల అట్టముక్కలూ పట్టుకొని.
పలాసలో మా జీడిబట్టీ వెనకాల రేకులషెడ్డులో
మధ్యకి టార్పాలిన్ కట్టి
ఇటు నన్నూ, అటు ఇంకెవరినో కూకోబెట్టేడు.

"తవిటమ్మగారూ, ఇదొక ఆట" అన్నాడు.
ఇద్దరూ తెల్లముక్క ఇస్తే చెరో పది రూపాయలు.
మీరు నల్లదిచ్చి అవతలావిడ తెల్లదిస్తే
మీకు పదిహేను, ఆవిడకి సున్నా.
ఇద్దరూ నల్లదిస్తే చెరో నాలుగు.
మొత్తం పది ఆటలు.
అవతల ఎవరో మీకు తెలీదు,
మీరెవరో ఆవిడకీ తెలీదు.

తెలీకపోడమేటి బాబూ!
రెండో ఆటకే దగ్గింది.
పద్దెనిమిదేళ్లు నా పక్కన కూకొని
పిక్క కొట్టిన మనిషి దగ్గు,
బట్టీపొగ గొంతులో గూడు కట్టుకున్న దగ్గు.
దమయంతి.

మూడో ఆటకి నల్లదిచ్చేను.
మొన్న వేసంగిలో తూకం కాడ
నా గంపలో బద్దలెక్కువున్నాయని
మేస్త్రీ చెవిలో ఊదింది ఎవరనుకున్నావు?
ఆ వారం నా కూలి కోసీసేరు.
నాలుగుకీ అయిదుకీ
ఇటూ నలుపే, అటూ నలుపే.
నాలుగేసి రూపాయలు, రెండు ఏడుపుమొకాలు.
కుర్రోడు మాత్రం కాయితం మీద గీతలు గీసుకొని
తెగ సంబరపడిపోయేడు.

ఆరో ఆటకి ముక్క తియ్యబోయి
చేతులు చూసుకున్నాను.
జీడిసొన తిని తోలు ఊడిన ఏళ్లు.
గీతలు చెరిగిపోయిన బొటనేలు,
రేషను మిషను కూడా ఇది నాదని ఒప్పుకోదు.
తిత్లీ తుఫాను రేత్రి
నా ఇంటి రేకులెగిరిపోతే
ఇలాటి చేతులే తలుపు తీసేయి.
నా పిల్లకి జొరం. దాని దుప్పటి కప్పింది.
ఆ దుప్పటి నానింకా తిరిగివ్వలేదు.
ఎవరికెవరు బాకీ? ఏ ఆట నుంచి లెక్కెట్టాల?
కుర్రోడి కాయితం ఈ పొద్దున్నే కదా పుట్టింది!

తెల్లదిచ్చేను. సున్నా.
ఏడుకీ తెల్లదే పట్టుకొని కూకున్నాను.
అవతల చాలాసేపు ఏటీ లేదు,
తర్వాత దగ్గు,
తర్వాత తెల్లముక్క.
ఎనిమిదీ, తొమ్మిదీ అలాగే నడిచేయి.

"ఇదే ఆఖరాట" అన్నాడు గొంతు తగ్గించి.
"దీని తర్వాత ఆవిడ మిమ్మల్నేమీ చెయ్యలేదు.
ఆలోచించుకోండి."
అంత చదివినోడు, పాపం,
ఆఖరంటే ఏటో ఎరగడు.
ఆరు గంటలకి కాశీబుగ్గ ఆటోలో
నా మోకాలు దాని మోకాలికి తగల్దేటి?
తెల్లారితే మాకొకటే కుండ నీళ్లు,
చేతులకి రాసుకోడానికి ఒకటే పళ్లెం బూడిద.

తెల్లదిచ్చేను.
దమయంతి నల్లదిచ్చింది.

ఎందుకలా ఇచ్చేరని కుర్రోడు అడిగితే
ఆకలేస్తంది బాబూ అన్నాను.
అదీ రాసుకున్నాడు.
పదిహేనూ కొంగున ముడేసుకొని
టార్పాలిన్ చుట్టూ తిరిగొచ్చింది అది.
"ఓలమ్మ, నువ్వేనేటి!" అని నోటి మీద చెయ్యెట్టుకుంది.
కుర్రోడు నమ్మీసేడు.

ఆటోలో ఒక్క మాట లేదు.
కాశీబుగ్గలో దిగీటప్పుడు
నా చార్జీ పది రూపాయలూ తనే ఇచ్చీసింది,
డ్రైవరు కేసి చూస్తా, నా కేసి కాదు.
మిగిలిన అయిదూ ఉంచుకుంది.
ఉంచుకోనీ.
దుప్పటి ఇంకా నా కాడే ఉంది.