మైనస్ వన్‌ల కుట్టుమిషన్

లిఫ్టుల ఆఖరి మీట మైనస్ వన్.
అక్కడ బండ్లు పెడతరు. మెట్ల కింద
నా మిషన్ ఉంటది.
ప్యాంటు పొట్టి జేసుడు, నడుము పట్టుడు, జాకెట్ చేతులు.
తొమ్మిదేండ్లాయె.
హన్మకొండల ఇంత పెద్ద మాల్ ఇంకోటి లేదంటరు.
నేను పై అంతస్తులు చూసింది తక్కువ,
వాటి బట్టల అంచులు చూసిందే ఎక్కువ.

మొదటి అంతస్తుల, ఇప్పుడు పిల్లలు
రబ్బరు బంతుల్ల మునిగి తేలే జాగల
గడియారాల దుకాణం ఉండె.
అద్దాల ఎనుక అన్నిట్ల
పది దాటి పది నిమిషాలే.
"గీ దుకాణపోల్లకు ఎన్నడు లేటు గాదు"
అని నవ్వేటోడు లిఫ్టు మొగిలి.
ఖాళీ జేసిన్నాడు నేను ఉరికి పోయి చూసిన.
ఒక్కొక్కటి డబ్బాల పెడుతున్నరు.
మూత పడేదాక కూడ
పది దాటి పది నిమిషాలే.

పుస్తకాల షాపు పదకొండు నెలలు ఉన్నది.
ఎండకాలం ఏసీ కోసం డిగ్రీ పోరలు వచ్చి
నిలవడి చదివేటోళ్లు.
సుబేదారి దిక్కు బస్సు వచ్చే యాళ్లకు
పేజీ మూలను మడతబెట్టి పోతరు,
తెల్లారి వచ్చి అదే మడత ఇప్పుతరు.
మేనేజరు చూసీ చూడనట్టుండె.
ఆ మడతలతోటే లారీ ఎక్కినయి పుస్తకాలు.
ఏ ఊర్ల ఎవలు ఇప్పుతున్నరో.

నుస్రత్‌ది సెంట్ల కౌంటరు.
పొద్దుగూకి ఇంటికి పోయేటప్పుడు
చల్లి చూపెట్టిన కాయితప్పట్టీలు
గుప్పెడు తెచ్చి నా సూదుల డబ్బాల ఏసేది.
"అక్కా, నీ సూదులకు పెండ్లి" అనేది.
ఇప్పుడు కాజీపేట స్టేషన్ కాడ
మొబైల్ కవర్లు అమ్ముతున్నదని ఓదెలన్న అన్నడు,
మంచిర్యాలల ఉన్నదని ఇంకెవరో అన్నరు.
డబ్బా మూత తీస్తే
మొన్న మొన్నటిదాక ఉండె వాసన.
ఇప్పుడు ఇనుమే.

దుకాణం పోయినంక బోర్డు అచ్చరాలు పీకుతరు.
పీకిన కాడ గోడ మీద
అదే పేరు కొంచెం తెల్లగ మిగుల్తది.
ఎండ పొడ రాని బిల్డింగుల
నీడ ఎట్ల బడ్డదో నాకు సమజ్ గాదు.
రెండు దినాలకు దాని మీద పరద కడతరు:
'త్వరలో వస్తున్నాం'.

పోయిన శుక్రారం పరకాల నుంచి ఒకాయన వచ్చిండు.
సంచిల బూడిదరంగు ప్యాంటు.
"మూడో అంతస్తుల కొన్నమ్మా.
నడుము వాళ్లే పడతరని పోతే
ఆడ పండ్ల దవాఖాన ఉన్నది."
రసీదు తీసి బల్ల మీద పెట్టిండు,
నాలుగు మడతలది, జాగర్తగ దాసింది.
ఒక్క అచ్చరం లేదు దాని మీద.
షాపు పేరు లేదు, తారీఖు లేదు, పైకం లేదు.
ఇటు తిప్పిండు, అటు తిప్పిండు,
ట్యూబులైటుకు పట్టి చూసిండు.
"ఉండె" అన్నడు.
"ఉండె" అన్న నేను.

ఎన్ని ఇంచులు పట్టాలె అంటే నాలుగు అన్నడు.
ఎందుకు అంత బక్కగయినవని అడగబోయి ఊకున్న.
చెప్పేటోడైతే ఆయననే చెప్పు.

నడుము మర్లేసి కుట్టు ఇప్పుతుంటే
లోపల నీలం దారం.
ఆ దినం బూడిదరంగు రీలు అయిపోయింది,
పైనుంచి షాపు పిలగాడు తొందర పెడుతుండు,
ఎవలు మర్లేసి చూస్తరులే అని
నీలం ఎక్కిచ్చిన.
ఆరేండ్లాయె. నేనే చూసిన.

"గిది నీ కుట్టేనా?"
"నాదే. అప్పుడు ముప్పై రూపాయలు.
ఇప్పుడు ఎనబై."
మొదటిసారి నవ్విండు.

ఇప్పుడు బూడిదరంగు దారం నిండు రీలు ఉన్నది.
మిషన్‌కు ఎక్కిచ్చిన,
మళ్ల తీసి
నీలం ఎక్కిచ్చిన.

ఆయన చాయ్ తాగొస్తనని పైకి పోయిండు,
రసీదు బల్ల మీదనే మరిచిండు.
కొలత రాసుకునే బుక్కు ఎక్కడ వడ్డదో దొరకలే.
ఆ తెల్ల కాయితం మీదనే రాసిన:
ముప్పై.