ఎడంచెయ్యి

పర్లాకిమిడి. రాత్రి పదిన్నర.
జీడిచెట్టుకీ డాబా మీది వెదురు గెడకీ మధ్య
నేను లాగిన రాగితీగ మీద
ఆరేసిన తువ్వాళ్ళు దమయంతి ఇంకా తియ్యలేదు.
తీగ తీగే కదా, అంటుంది నలభై ఏళ్ళుగా.

మహేంద్రగిరి మీద ఉరిమితే
చెవుల్లో పేలాలు వేగుతాయి.
ఆ చిటపటల అడుగున, గోడకవతల
ఎవరో గోటితో తడుతున్నట్టు
సిరోంచా నుంచి మడావి మాస్టారు.
ముఖం చూళ్ళేదు, గొంతు విన్లేదు.
చుక్కకీ గీతకీ మధ్య ఆయన తీసే ఊపిరి తెలుసు.

పక్షవాతం తరవాత ఈవేళే
ఎడంచేత్తో మొదటిసారి కొట్టాను.
పిలుపుగుర్తు పూర్తయ్యింది. అటు
చాలాసేపు ఉరుములే.

అప్పుడొచ్చింది:
కూత కూర్మారావు సెట్టుదే.
కొడుతున్నది ఎవరు?

దమయంతీ, కుర్చీ కాస్త ముందుకి జరుపు.
జవాబు పొడుగు, చెయ్యి నిదానం.