గోరంత

రిచీ స్ట్రీట్‌లో మూడో అంతస్తు.
మెట్ల దగ్గర టంకం వాసన, తలుపు దగ్గర ఏసీ కారే నీళ్ళు.
బోర్డు తమిళంలో ఉంటుంది, కింద ఇంగ్లీషు.
తెలుగులో ఏమీ రాయలేదు,
అయినా తెలుగువాళ్ళకి ఎట్లాగో తెలిసిపోతుంది.

ప్రతి ఫొటో నడుముకీ ఒక చీటీ కట్టి ఉంటుంది, కంటికి కనపడదు.
ఏ కెమెరా, సెకనులో ఎన్నో వంతు కన్ను తెరిచింది,
భూమ్మీద ఎక్కడ నిలబడి,
నిలువుగా పట్టుకున్నారా, అడ్డంగానా.
ఆ చీటీలు చదవడం నా బతుకుతెరువు.
అడిగితే మారుస్తాను కూడా.

పెళ్ళి ఫొటోల వాళ్ళొస్తారు. మూడు కెమెరాలు, మూడు గడియారాలు,
తాళి కట్టిన పావుగంటకి జీలకర్ర బెల్లం!
నల్ల తెర మీద ఒక్క వరస కొడితే
నాలుగు వేల ఫొటోలు పదిహేడు నిమిషాలు వెనక్కి నడుస్తాయి.
కంపెనీయే మరిచిపోయిన కెమెరాల రా ఫైళ్ళు తెస్తారు,
ఏ సాఫ్ట్‌వేరూ పలకరించని ముసలి ఫైళ్ళు.
మొదటి నాలుగు బైట్లు చూసి ఇంటిపేరు చెప్పేస్తాను.
గొప్పకి కాదు, అలవాటు.

పెంచలమ్మ మే నెల మిట్టమధ్యాహ్నం వచ్చింది,
పుళియంతోపు నుంచి, బస్సు మారి.
కొంగు ముడిలో పదిరూపాయల నోట్ల మధ్య పెన్‌డ్రైవ్.
"వక్కీలమ్మ ఇచ్చింది నాయనా.
కంట్రాక్టు వాళ్ళు ఆఫీసులో పెట్టిన పటమంట.
పన్నెండో తేదీ అసలు పనే లేదంటన్నారు.
మా మస్తానయ్య తాగి, తనంతట తనే పడ్డాడంట."

తెరిచాను.
మూత తీసిన మ్యాన్‌హోల్, పసుపుపచ్చ లారీ మూతి.
మనిషి లేడు.
తీసిన తేదీ పద్నాలుగు.
కిందకి దిగాను.
ఉపగ్రహం రాసిన గడిలో మాత్రం పన్నెండు,
లండన్ లెక్కలో నాలుగూ నలభై ఒకటి.
ఐదున్నర కలిపితే మనకి పదీ పదకొండు.
చేతి గడియారాన్ని తిప్పినవాడు
ఆకాశంలో దాన్ని మరిచిపోయాడు.

ఇంకా కిందకి.
సాఫ్ట్‌వేర్ అన్న గడి.
దాంట్లో నా షాపు పేరు.

ఫ్యాను తిరుగుతోంది.
గుర్తొచ్చాడు, హెల్మెట్ తియ్యకుండానే పైకొచ్చిన కుర్రాడు.
"బిల్లు కోసమన్నా, రెండు రోజులు జరుపు,
ఆ కుడిపక్క అంచు కొంచెం కోసెయ్."
రెండొందలు.
కోసేటప్పుడు మనిషిని చూడలేదా అంటే,
చూశాను.
ఫ్రేముకి అడ్డొచ్చిన మనిషిని చూశాను.

ఫైలు తన చిన్నప్పటి బొమ్మని కడుపులో దాచుకుంటుంది,
నూట అరవై చుక్కల వెడల్పు, నూట ఇరవై ఎత్తు.
పైబొమ్మని కోస్తే దాన్నీ కొయ్యాలి.
నా పాత పరికరానికి ఆ ఓపిక లేదు.
నాకూ లేదు.
బయటికి లాగాను.

లారీ పక్కన, నిక్కరుతో, ఒట్టి కాళ్ళతో,
నడుముకి తాడు బిగించుకుంటూ ఒకడు.
తాడు రెండో కొస పట్టుకుని గొడుగు కింద ఇంకొకడు.

పెంచలమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకోలేదు,
తనే ముందుకి వంగింది.
తెర మీద అతని పక్కన బొటనవేలు పెట్టింది.
గోరంతే ఉన్నాడు.
ఆఫీసులో కాగితాల మీద ఇంకు పూసి నొక్కించిన వేలది,
ముడతల్లో నీలం ఇంకా పోలేదు.

"పెద్దది చెయ్యమంటావామ్మా?
చేస్తే గళ్ళు గళ్ళుగా అయిపోతాడు."
"వద్దులే. అట్నే ఉండనీ.
ఇంటికాడా అంతే, ఎక్కువ చోటు అడిగేవోడు కాదు."

గోరంతని కొండంత చెయ్యమని రాలేదామె.
గోరంత గోరంతగా చాలు.

నాలుగు పేజీలు ప్రింటు తీశాను.
మూడో పేజీ మధ్యలో ఆ గడి వచ్చింది.
తీసెయ్యడానికి ఒక్క వరస చాలు,
ఆ వరస నా వేళ్ళకి నోటికొచ్చు.

ఎర్ర పెన్నుతో దాని కింద గీత గీసి ఇచ్చాను.
"ఇదెవురి పేరు నాయనా?"
"వక్కీలమ్మ అడుగుతుందిలే," అన్నాను.
అడగనీ.