పాట ఖాయమయ్యాక

ఓర్ బెర్తు కేసు ఇవాళ్టికి వాయిదా.
పదకొండేళ్ళుగా ఒకటే తగాదా:
ఓడకెత్తిన ఇనపరాయిలో తేమ
రెండు శాతం ఎక్కువా, కాదా.
ఆ ఓడ ఎప్పుడో తుక్కయిపోయింది.
కొన్నవాడి కొడుకూ, అమ్మినవాడి అల్లుడూ
కోర్టు వరండాలో ఒకే ఫ్లాస్కులోంచి టీ తాగుతారు.

నిద్ర పట్టక తెల్లవారుజామున
ఫిషింగ్ హార్బరుకి నడిచాను.
డాల్ఫిన్ నోస్ మీది దీపం
ఎవరి ఖాతా అడక్కుండా తిరుగుతోంది.
జెట్టీ మీద పాట జోరుగా ఉంది.
నాలుగు వేల రెండొందలు... మూడొందలు...
చోడిపిల్లి అసిరమ్మ గడ్డం కొంచెం పైకెత్తింది.
అంతే.
సంతకం, సాక్షి, స్టాంపు కాయితం అన్నీ ఆ గడ్డమే.
కానాగంతల పెట్టె ఆమెదైంది.

అప్పుడే కళాసీ కాలు జారింది.
పెట్టె అంచు దాటి నీళ్ళలోకి.
ఒక్క క్షణం వెండి,
తర్వాత డీజిలు నురగ,
ఆ తర్వాత నీటికాకులు.

ఈ ప్రశ్న నాకు తెలుసు.
ఇరవై ఆరేళ్ళుగా దీని కూడే తింటున్నాను.
పాట ఖాయమయ్యాక, తట్ట ఎత్తకముందు
చేప ఎవరిది? మునిగింది ఎవరి సొమ్ము?
నల్లకోటు లేకుండానే నోరు తెరవబోయాను.

అసిరమ్మ అప్పటికే రొంటిన సంచి విప్పి
తడి నోట్లు విడదీస్తోంది.
"అప్పా, నువ్వింకా ఎత్తనేదు గదా,
సగమియ్యి, సాలు" అన్నాడు సూరాడ బండియ్య.
"నోటితో అనీసినాను గదా" అంది తలెత్తకుండా.
"రేపు మల్లీ ఈ నోటితోనే గదేటి పాడాల?"

మాట మనిషినెందుకు కట్టేస్తుంది?
రాజు కొరడా, దేవుడి భయం, సొంత లాభం
అని మూడు కారణాలు రాసి
లా కాలేజీలో ఫస్టు క్లాసు తెచ్చుకున్నాను.
రేపు అనే నాలుగోది
ఏ మేష్టారూ చెప్పలేదు.

బండియ్య డబ్బు పూర్తిగానే తీసుకున్నాడు.
పక్క బోటు కుప్పలోంచి రెండు దోసిళ్ళు
ఆమె తట్టలో పోశాడు, మాట్లాడకుండా.
కొసరు.
దీనికి సెక్షను లేదు.
దయో, రేపటి పాటకి ఎరో
నేను అడగలేదు.
అడిగితే అదీ ఓ కేసవుతుంది.

పదిన్నరకి బంట్రోతు మా నంబరు పిలిచాడు.
లేచి నిలబడ్డాను.
చెప్పులింకా తడిగానే ఉన్నాయి,
ఎంత శాతమో ఎవరూ కొలవలేదు.