లాభం, రెండు, మూడు

డెబ్బై అయిదు కిలోల బస్తాలు మోసెటోనికి
ఎక్సర్‌సైజేందని మిల్లంత నవ్వింది.
గుమస్తా అయితే కాంట మీద చెయ్యానిచ్చి మరీ నవ్విండు.
నేను గూడ నవ్విన,
నవ్వితే నడుము కలుక్కుమంటదని మర్చిపోయి.

నల్గొండ పెద్దాస్పత్రి. మెట్ల కింది గది.
నీలం పరుపు, గోడకు నిలువుటద్దం,
ఆగి ఆగి తిరిగే ఫ్యాను.
నౌషీన్ మేడంది నా బిడ్డంత వయసు గూడ లేదు.
"సైదులు గారూ, మోకాళ్లు మడవండి" అన్నది.
పేరు పక్కన గారు పెడితే
వెన్ను దానంతటదే సగం నిటారైతదని
అప్పటిదాంక నాకు తెల్వదు.

నా నడుం కింద అరచెయ్యి పెట్టి
"నా చెయ్యిని కిందికి అదమండి, ఊపిరి ఆపొద్దు."
ముప్పై ఏండ్లు మోసిన వీపు,
ఊపిరి బిగవట్టుడు తప్ప ఏం నేర్వలే.
"వన్... టూ... దవడెందుకు బిగిస్తున్నరు?
ఇక్కడ బరువేం లేదు గదా."
ఆ మాటకు ఎందుకో ఏడుపొచ్చింది.
అద్దంల ఒకాయన కండ్లు తుడుచుకుంటుండు.
నేను చూడనట్టే చేసిన.

వారానికి మూడు రోజులు మిర్యాలగూడ బస్సు,
రానుపోను ఛార్జీ, పోయిన పూట కూలి,
వెనక సీటుల గుంత గుంతకు ఎగిరిపడి
బాగైందంత వేములపల్లి దాటేలోపు ఖరాబు.
ఆరు వారాలకు లెక్కేసిన:
నొప్పి సగం తగ్గింది,
సంఘం కిస్తులు రెండు తప్పినయి.

"ఇంట్ల చేసినా ఇదే గుణమొస్తది, చేస్తే"
అని జిరాక్సు కాయితం చేతుల పెట్టింది మేడం.
ఆ 'చేస్తే' కాడ ఆమె గొంతు కొంచెం ఆగింది.

కాయితంల బొమ్మకు మొకం లేదు.
ఆకలి లేదు, అప్పు లేదు,
కాలెత్తమంటే ఎత్తి
ఏండ్లకేండ్లు అట్లనే ఉంటది.
మొదటి వారం పొద్దుమాపు చేసిన.
రెండో వారం పొద్దుగాల్లనే.
మూడో వారం ధాన్యం దిగింది,
లారీలు మిల్లు గేటు దాటి రోడ్డెంబడి బారు కట్టినయి.
పండుకున్న కాడనే "పదైంది" అని అబద్ధమాడిన,
ఎవ్వరికి?
గోడ మేకుకు యాలాడే
ఆ మొకం లేని బొమ్మకు.

నాలుగో వారం చెప్పులకు వంగినోన్ని
వంగినట్టే ఉన్న.

కోటమ్మ ఏమనలే.
యూరియా సంచి పరిచి పండుకోమన్నది.
అంగి జేబులకెల్లి బస్తాల లెక్క చీటీ తీసి
నా నడుం కిందికి తోసింది.
"నేను గుంజుత. వచ్చిందా, నువ్వు చెయ్యనట్టే."
మొదటిసారి వెన్నల వెంట్రుక లెక్క ఊడొచ్చింది.
"మేడం చెయ్యి మెత్తగున్నదేమో,
మోసపోతది. నాది నాట్లేసిన చెయ్యి" అన్నది.
అయిదో దినం చీటీ చినిగింది,
సగం ఆమె చేతుల, సగం నా కింద.
ఆ దినం ఎన్ని బస్తాలు మోసిన్నో
గుమస్తాకు రుజువు లేకుండ పోయింది.
అయినా నవ్వింది. నేనూ నవ్విన.
కలుక్కుమనలే.

ఆమెకు వన్ టూలు రావు.
వాళ్ల నాయిన కల్లంల వడ్లు కొలిచినట్టు
లాభం అని మొదలుపెడతది.
లాభం, రెండు, మూడు...
ఏడు అనదు, ఏడంటే ఏడుపని.
ఆరున్నొక్కటి అంటది.
ఆ ఆరున్నొక్కటి కాడనే నా కాలు వణుకుతది.

ఇయ్యాల సరిగ్గ అక్కడ్నే ఆపి,
పొయ్యి మీద పాలు పొంగుతున్నయని లేచిపోయింది.
కాలు లేపినోన్ని లేపినట్టే ఉన్న.
ఎనిమిది అననీకి ఎవ్వరు లేరు.
కొద్దిసేపు చూసి
నేనే అన్న.