లోపలి మడత

తెల్లారకముందే నాగావళి కరకట్ట మీద
ఆరుగురం ఆడవాళ్ళం.
పాత వంతెన దాకా నడక, అక్కణ్ణుంచి పరుగు.
సుగరుందని డాక్టరమ్మ చెబితే వచ్చినదాన్ని,
రుచి తగిలాక మానలేకపోయాను.

మూడో రోజో నాలుగో రోజో
ఎవరో జోకేస్తే నవ్వుతూ ఒక గెంతు గెంతాను.
అప్పుడు జారింది.
చెంచాడు. అంతే.
వెచ్చగా, నాకు మాత్రమే తెలిసేలా.

ఇరవయ్యేళ్ళుగా బట్టలు కుడుతున్నదాన్ని,
ఏ రంగు నోరు మూసుకుంటుందో
ఏ రంగు ఊరంతా చాటుతుందో నాకు తెలుసు.
బూడిద రంగు చాడీకోరు.
లేత నీలం ఇంకా దారుణం.
నలుపు, ముదురు మెరూను, దట్టమైన పువ్వుల ప్రింటు,
ఇవి కడుపులో పెట్టుకుంటాయి.
ఆ వారమే రెండు నల్ల ప్యాంట్లు కుట్టుకున్నాను.
నీళ్ళు తాగడం మానీసాను.
బయల్దేరే ముందు రెండుసార్లు,
మెట్టు దిగాక వెనక్కెళ్ళి ఇంకోసారి.
ఏడు రోడ్ల కూడలి నుంచి కరకట్ట దాకా
ఎక్కడ గడియున్న తలుపుందో
ఏది ఐదింటికే తీస్తారో
నా కాళ్ళకి కంఠతా వచ్చు.
తుమ్మొస్తే ఆగి, మోకాళ్ళు దగ్గరేసి,
లేసు కట్టుకుంటున్నట్టు వంగేదాన్ని.
నా బూట్లకి లేసులే లేవు కదా అని
ఆరుగురిలో ఎవరూ అడగలేదు.

రెండు కాన్పులు. రెండోది ఆమదాలవలసలో,
నాలుగు కేజీల మగపిల్లాడు.
"కుట్టేదానికే నేను కుడుతున్నాను" అని
కుట్లేసిన నర్సు నవ్వింది.
ఆ కుట్టే వదులైందనుకున్నాను.
తల్లులకి మాత్రమే వస్తుందనుకున్నాను,
ఢిల్లీశ్వరి షాపుకొచ్చేదాకా.

పంతొమ్మిదేళ్ళ గుంట. పెళ్ళి కాలేదు.
పోలీసు సెలక్షన్లకి పదహారు వందల మీటర్లు సాధన చేస్తోంది,
పొందూరు నుంచి మొదటి బస్సులో దిగుతుంది.
ట్రాక్ ప్యాంటు బల్ల మీద పెట్టి
వెనక్కి తిరిగి చూసి
"అప్పా, దీన్లోపల ఇంకో మడత ఎయ్యగలవేటి?" అంది.
"ఎక్కడ?"
చెప్పలేదు. చెయ్యి పెట్టి చూపించింది.

మెళ్ళో టేపు తీసి, మళ్ళీ మెళ్ళోనే వేసుకున్నాను.

"ఆకరి రౌండులో, సారు విజిలేసాక,
గట్టిగా లగెత్తుతాను కదా, అప్పుడు."
"ఇంట్లో తెలుసా?"
"మాయమ్మకి సెప్తే పరుగు మానీమంటది."

నేనూ అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి మిషను మీద
వాళ్ళ ఊరి నేత పంచె, వెన్నలా అరిగిపోయింది,
రెండు పొరలు, నడుమ టవలు గుడ్డ.
తొడ ఒరుసుకోకుండా అంచు చదును.
ఒకటి తనకి. ఒకటి నాకు.

పెద్దాసుపత్రికి ఇద్దరం కలిసే వెళ్ళాం.
ఫిజియోథెరపీ గదిలో అమ్మాయి
వంకాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది:
కింది కండరం బిగించు, పది లెక్కపెట్టు, వదులు.
వదలడం కూడా నేర్చుకోవాలంది.
నీళ్ళు మానొద్దని తిట్టింది.
సూదిలో ఎక్కించే ముందు దారం కొసని
పెదాలతో పట్టుకున్నట్టా, అనడిగాను.
కాసేపు ఆలోచించి, అలాగే, అంది.

అప్పట్నుంచీ చంక కుట్టుకి పది.
చేతి అంచుకి పది.
హుక్కులు ఊడిపోయాయని ఎదురుగా నించుని
ఎవరో నామీద అరుస్తున్నా, పది.
పూర్తిగా పోయిందా అంటే లేదు.
మొన్న దగ్గొచ్చింది, నల్ల ప్యాంటు కాచింది.
లేసు కట్టుకోడానికి మాత్రం వంగలేదు.

కొలతల పుస్తకంలో ఢిల్లీశ్వరి పేరు పక్కన
ఎర్ర పెన్నుతో చుక్క పెట్టాను, మడత గుర్తు.
కార్తీకం వెళ్ళేసరికి చుక్కలు పదకొండు.
అందులో చేపలమ్మే సూరమ్మదొకటి,
ఆవిడ పరిగెత్తదు, తట్ట ఎత్తితే చాలు.

"ఈ సుక్కలేటప్పా, బాకీలా?"
కాజాలు కుట్టే కుర్రాడు.
"కాదురా" అన్నాను.
అంతకుమించి తోచలేదు.

వాడు వెళ్ళాక కొత్త పేజీ తిప్పాను.
ఇన్నేళ్ళలో నా కొలతలు నేను రాసుకున్నదే లేదు.
పేరు. నడుము. తుంటి. తొడ చుట్టు.
పక్కన చుక్క.
షట్టరు దించి
చెంబుడు నీళ్ళు తాగాను.