పదిహేడో షరతు

హార్లోథోర్ప్ ఊరి హాల్లో
బాడ్మింటన్ గీతల మీదే కుర్చీలు వేశారు.
గోడకు పటం: మూడు వందల ఎకరాలు,
నాలుగు బూడిదరంగు పెట్టెలు,
ఓ పక్కగా చుక్కలు చుక్కలుగా రైలు దారి.

ఆ చుక్కలనే చూస్తోంది డోరీన్ థాక్రే.
ఇరవై ఆరేళ్లు సిగ్నల్ కేబిన్‌లో లీవర్లు లాగిన భుజం
ఇప్పటికీ రెండోదానికన్నా కాస్త ఎత్తు.

ప్లానింగ్ ఆఫీసరు ఇమోజెన్ బ్లైత్ గొంతు సవరించుకుంది.
ఒక్క రైలు డెబ్భై లారీల బరువు లాగుతుందంది.
ఐదు వందల అడుగులకు ఒక్క అడుగు మించి ఎక్కలేదు,
అందుకే చదును నేల కావాలి, అందుకే ఇదే నేల అంది.
పొగ తగ్గే లెక్క చెప్పేటప్పుడు మాత్రం
కాగితం చూడలేదు.

గిల్బర్ట్ ఓల్డర్షా లేచాడు. లేవడానికి కొంతసేపు పట్టింది.
"నా బార్లీ చేలో తీతువు గూళ్లు తొమ్మిది."
(తీతువు కూస్తే మాకు అపశకునం.
ఆయనకి మార్చి నెల.)
వాటికి వేరే పొలం చూశామంది.
"ఉత్తరం రాస్తారా పిట్టలకి?"
అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

అప్పుడు డోరీన్, కూర్చునే:
"పక్క లోయలోనూ ఇవే చుక్కలు గీశారు.
గోడౌన్లు లేచాయి. లారీలొచ్చాయి.
పదకొండేళ్లయింది,
చుక్కలింకా చుక్కలే."

భూమి కాగితమూ రైలు ఇనుమూ
నా భాషలో ఒకటే మాట: పట్టా.
ఆ లోయకి ఒకటి అందింది,
రెండోది దారిలోనే ఉండిపోయింది.

ఆ రాత్రి వంటింటి బల్ల మీద
టీ చల్లారిపోయాక ఇమోజెన్ రాసింది:
మొదటి సరుకు రైలు వచ్చి, దించుకుని, తిరిగి వెళ్లేదాకా
ఏ గోడౌను తలుపూ తెరవరాదు.
కంపెనీ వకీలు పక్కన ఎర్ర సిరాతో
"ఆచరణలో కష్టం" అన్నాడు.
కష్టమే అని కింద రాసి పంపింది.

ఆరో ఏడు, ఫిబ్రవరి, తెల్లవారుజామున నాలుగుంబావు.
కొత్త పొలానికి నాలుగు జతలే వచ్చాయి.
ఓల్డర్షా ఇప్పటికీ ఆఫీసరుతో మాట్లాడడు.
కంచె దగ్గర మంచులో డోరీన్ ఒక్కతే
పెట్టెలు లెక్కపెట్టడం మధ్యలో మానేసి
ఆఖరి బండి వెనక ఎర్రదీపం కోసం చూసింది.
ఉంది.
అంటే బండి ఎక్కడా తెగకుండా మొత్తం వచ్చినట్టు.
రాసుకోవడానికి ఇప్పుడు రిజిస్టరు లేదు,
చేతి తొడుగు తీసి
అరచేతిలో టైం రాసుకుంది.